సంక్రాంతి నువ్వుల ఉండలు: ఎవరికి ఎన్ని?

పుష్యమాసపు చలిలో కొత్త బియ్యమూ కొత్త బెల్లమూ ఇల్లు చేరగానే మన వంటిళ్ళలో మూకుళ్ళు పొయ్యి మీదికి ఎక్కుతాయి. అరిసెలు, నువ్వుల ఉండలు, సున్నుండలు చేసి, తాము తినడమే కాక ఆడపడుచుల ఇళ్ళకూ, ఇరుగుపొరుగు వారికీ, దూరాన ఉన్న పిల్లలకూ పంపడం మన ఆచారం. ఈ దినాలలో నా వద్దకు వచ్చేవారు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. అంగడి మిఠాయి కంటే ఇంటి మిఠాయి మంచిదేనా? బెల్లంతో చేసినది మధుమేహులు తినవచ్చునా? మొదటి దానికి మంచిదేనని నా సమాధానం. రెండవ దానికి ఒకప్పుడు నేను తప్పు సమాధానం చెప్పాను. ముందుగా ఆ తప్పును పాఠకులకు విన్నవించి, తరువాత తయారీ విధానం వివరిస్తాను.

నేను చేసిన పొరపాటు

సుమారు 15 ఏళ్ళ క్రితం మాట. మా అక్కయ్యకు అప్పటికే మధుమేహం ఉన్నది. పండుగకు మా ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె చేతికి అరిసెలూ, నువ్వుల ఉండలూ నింపిన డబ్బా ఇచ్చాను. ఆమె సందేహిస్తుంటే, "ఇందులో పంచదార లేదక్కయ్యా, అంతా బెల్లమే. నిర్భయంగా తిను" అన్నాను. ఆమె పూటకు రెండు చొప్పున తిన్నది. మూడు వారాలకు కాలి వేలి మీద చిన్న పుండు లేచి మానలేదని కబురు వచ్చింది. పరీక్ష చేయిస్తే రక్తంలో చక్కెర 300 దాటి ఉన్నది. ఆసుపత్రి వైద్యంతో ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. "వైద్యుడైన తమ్ముడు ఇచ్చాడు కదా అని తిన్నానురా" అన్నదే తప్ప ఆమె నన్ను నిందించలేదు. ఆ మాట నిందకంటే నన్ను ఎక్కువగా బాధించింది.

శాస్త్రంలోని రెండు మాటలు

గురుకులంలో చరకసంహితను కంఠస్థం చేసిన వాణ్ణి నేను. సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో ఋతుచర్య కలదు. హేమంతంలో బయటి చలి వలన దేహంలోని ఉష్ణం లోపలే నిలిచి జఠరాగ్ని ప్రబలమవుతుందనీ, అప్పుడు కొత్త బియ్యపు అన్నమూ, చెరకు రసంతో చేసిన పదార్థాలూ, నూనెలూ హితకరమనీ అక్కడ చెప్పబడినది. మన సంక్రాంతి పిండివంటలకు ఇంతకంటే ప్రమాణం అక్కరలేదు.

అయితే చికిత్సాస్థానంలోనూ ఒక ఆరవ అధ్యాయం కలదు. అది ప్రమేహ చికిత్స. ఆ వ్యాధికి కారణాలు చెబుతూ, కదలకుండా సుఖంగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు మొదలైన వాటితో పాటు కొత్త ధాన్యాన్నీ, బెల్లపు వంటకాలనూ చరకుడు పేర్కొన్నాడు. కొత్త బియ్యమూ, కొత్త బెల్లమూ కలిస్తే ఏమగును? అరిసె అగును! రెండు శ్లోకాలూ నాకు వచ్చును. కానీ డబ్బా ఇచ్చేనాడు మొదటిదే జ్ఞాపకం వచ్చింది. ఒకే పదార్థం దీప్తాగ్ని కలిగి, శ్రమించే వానికి పోషణము, ప్రమేహికి వ్యాధిహేతువు. తినేవారిని చూడకుండా పదార్థం మంచిదా చెడ్డదా అని తేల్చడం వైద్యం కాదు.

బెల్లం, పంచదార

బెల్లంలో ఇనుము మొదలైన ఖనిజాలు కొద్దిగా ఉన్నమాట నిజమే. అయినా దానిలో అత్యధిక భాగం చక్కెరే గనుక రక్తంలో గ్లూకోజును పంచదార వలెనే పెంచుతుంది. తేనె, ఖర్జూరం విషయమూ అంతే. ఖర్జూరంతో చేసి "పంచదార లేనిది" అని అమ్మే లడ్డూలను చూసి మధుమేహులు మోసపోరాదు.

నువ్వుల ఉండలు చేసే విధానం

నువ్వులు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, శొంఠిపొడి అర చెంచా, నాలుగు ఏలకుల పొడి, చేతికి రాసుకోవడానికి కొద్దిగా నెయ్యి కావలెను. బెల్లం ముదురు రంగుది ఎంచుకోవాలి. మెరిసే పసుపు రంగు కోసం బెల్లంలో హైడ్రోస్ వంటి రసాయనాలు కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది.

నువ్వులను ఏరి, మందపాటి మూకుడులో సన్నని సెగపై చిటపటలాడే వరకు దోరగా వేయించాలి. మాడితే చేదెక్కుతాయి. తరిగిన బెల్లంలో పావు గ్లాసు నీరు పోసి కరిగించి, ఇసుక, నలుసులు పోయేటట్లు వడకట్టి మరల పొయ్యి మీద పెట్టాలి. నీరు ఇగిరేకొద్దీ పాకం వేడి 100 డిగ్రీలు దాటి పెరుగుతూ పోతుంది. చల్లని నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో దగ్గరకు తీస్తే ఉండగా నిలవాలి. అదే ఉండపాకం. వెంటనే దింపి శొంఠి, ఏలకుల పొడులూ, నువ్వులూ కలిపి, చేయి ఓర్చుకొనేంత వేడి ఉండగానే నేతి చేతులతో ఉండలు కట్టాలి. పాకం చర్మానికి అంటుకొని మరిగే నీటికంటే లోతుగా కాలుస్తుంది. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానీయరాదు.

ఈ కొలతకు 15 గ్రాముల ఉండలు 30 వస్తాయి. ఒక్కొక్క దానిలో దాదాపు ఆరున్నర గ్రాముల బెల్లం ఉంటుంది. అంటే ఒక చిన్న చెంచా నిండుగా పంచదార తిన్నట్లే. నువ్వులలో సగం నూనె గనుక ఒక్క ఉండకు సుమారు 70 కేలరీలు. బాగా చల్లారిన తరువాత తడిలేని సీసాలో పెడితే రెండు మూడు వారాలు నిలువ ఉంటాయి. నూనె కారువాసన వస్తే పారవేయాలి. వేరుశనగ ఉండలు చేసేవారు నల్లబడినవీ, ముడతలు పడినవీ, బూజు పట్టినవీ అయిన గింజలను ముందే ఏరివేయాలి. ఆ బూజు నుండి పుట్టే విషం వేయించినంత మాత్రాన పోదు.

ఎవరికి ఎన్ని?

ఆటలాడే పిల్లలకూ, శ్రమజీవులకూ దినానికి రెండు చాలును. కూర్చుని పనిచేసే పెద్దలకు ఒకటి. గురుపదార్థాన్ని సగం తృప్తి వరకే తినాలనీ, పిండివంటలను భోజనానంతరం తినరాదనీ, ఆకలి వేసినప్పుడు మితంగా తినాలనీ శాస్త్రాజ్ఞ. కడుపునిండా భోజనం చేసి ఆపైన రెండు అరిసెలు తినే మన అలవాటు దీనికి పూర్తిగా విరుద్ధం. నువ్వులు ఉష్ణవీర్యం గనుక ఆమ్లపిత్తంతో బాధపడేవారు తగ్గించుకోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు గట్టి ఉండలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. వారికి నువ్వులూ బెల్లమూ మెత్తగా దంచిన చిమ్మిలి కొద్దిగా పెట్టవచ్చును. పాకంలో తేనె కలపరాదు. తేనెను వేడి చేయడం మన శాస్త్రంలో నిషిద్ధం. ఏడాది నిండని శిశువుకు తేనె అసలే పెట్టరాదు. నువ్వులు, వేరుశనగ కొందరికి పడవు. దద్దురు, ఆయాసం వచ్చేవారు ఒక్కటైనా ముట్టరాదు. మధుమేహులు తమ వైద్యుని అడగకుండా తినరాదు. పండుగ పేరిట మందులు మానరాదు.

అందువలన మిఠాయి పంపేవారు డబ్బాలో ఒక చిన్న చీటీ పెట్టవలసిందిగా నా మనవి. అందులో ఏమేమి వేశారో, ఏ తేదీన చేశారో, దినానికి ఎన్ని తినవచ్చునో రాయండి. అంగడి వానికి తినేవారెవరో తెలియదు, మీకు తెలుసు. మధుమేహం ఉన్నవారికి వేయించిన నువ్వుల కారప్పొడి ఉప్పు తగ్గించి చేసి పంపవచ్చును.

మా అక్కయ్యకు ప్రతి సంక్రాంతికీ ఇప్పుడు ఆ కారప్పొడి సీసాయే వెళ్తుంది. ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరుగారి అనుమతితో, పండుగనాటికి మాత్రం కాగితంలో చుట్టిన ఒక్క నువ్వుల ఉండ కూడా పెడతాను. పై చీటీలో "ఒకటే, అక్కయ్యా" అని నా చేతితోనే రాస్తాను.