టామీ నీళ్ల గిన్నె

పదమూడేళ్లు మా గుమ్మం కాచిన టామీని వేసవిలో పెరటి వేపచెట్టు కింద పూడ్చాము. మూత్రపిండాలు పాడైన ముసలికుక్కకు దాహం విపరీతమని మాకు తెలియదు. రాత్రుళ్లు ఇల్లు తడుపుతోందని విసుక్కుని, పడుకునేముందు నీళ్ల గిన్నె తీసేసేవాళ్లం. అలా వారం రోజులు! "నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలండీ" అని పశువైద్యుడు చెప్పేసరికి ఆలస్యమైపోయింది. చివరి రెండు రోజులూ చెంచాతో పట్టాం. మింగగలిగినంత మింగి, మా చేయి నాకింది. (లాజరు కురుపులు నాకినవీ కుక్కలే గదా.)

ఇల్లు బోసిపోయింది. పిల్లలు అన్నం ముట్టడం లేదని రెండు రోజులు హైదరాబాద్ తీసుకెళ్లాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం దగ్గర మళ్లీ నవ్వారు. ఆ తర్వాత ముసుగు వేసుకున్న రిబ్కా పాలరాతి శిల్పం చూశాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన దాన్ని 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నాడు. రాయి అంత పల్చని ముసుగెలా అయిందోనని మేము చూస్తుంటే, సండేస్కూలుకు వెళ్లే మా చిన్నది "ఒంటెలకు నీళ్లు తోడింది ఈవిడేనా?" అంది.

అవును, ఆదికాండము 24వ అధ్యాయం. పది ఒంటెలు. అవి తాగడం చాలించేదాకా తోడింది, ఎవరూ అడక్కుండానే.

గిన్నె సంగతి పిల్లలకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి లాడ్జిలో చెప్పాం. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. చిన్నది మాత్రం, ఇంటికెళ్లగానే ఆ గిన్నె గేటు బయట పెడదామంది, వీధికుక్కలకు.