జోహ్రా సెహగల్: బామ్మ వేషాలకు ముందు 60 ఏళ్లు

‘చీనీ కమ్’ (2007)లో అమితాబ్ బచ్చన్‌ను ఆటపట్టిస్తూ, గదమాయిస్తూ ఉండే తల్లిగా జోహ్రా సెహగల్‌ను చూసినవాళ్లలో చాలామంది ఆమెను ముసలితనంలో అదృష్టం కలిసొచ్చిన నటి అనుకున్నారు. ‘దిల్ సే’, ‘వీర్ జారా’ లాంటి సినిమాల్లో ఆమె కనిపించేది కాసేపే. ఆ కాసేపూ చూపు మాత్రం పక్కనున్న పెద్ద తారల మీదకు పోదు. ఈ పట్టు ఆమెకు సినిమా ఇచ్చింది కాదు. నృత్యం, నాటకం, టీవీ 60 ఏళ్ల పాటు తీర్చిదిద్దిన నటిని సినిమా ఆఖర్లో వాడుకుంది, అంతే. సినిమాల జాబితా పట్టుకుని ఆమెను అంచనా వేస్తే అసలు పనంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

1912లో సహారన్‌పూర్‌లో పుట్టిన జోహ్రా జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి మేరీ విగ్మన్ స్కూల్లో ఆధునిక నృత్యం నేర్చుకున్నారు. 1935లో ఉదయ్ శంకర్ నృత్య బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. 1945లో పృథ్వీరాజ్ కపూర్ నాటక సంస్థ పృథ్వీ థియేటర్‌కు వచ్చి, దాదాపు 14 ఏళ్లు అక్కడే ఉండిపోయారు. మన సురభి నాటకాల వాళ్లలాగే అదీ ఊరూరా తిరిగి ఆడే కంపెనీ. ఊరు మారితే ప్రేక్షకులు మారతారు. నిన్న చప్పట్లు పడిన చోట ఇవాళ సభ ఉలకకపోవచ్చు. అలా ఏళ్ల తరబడి ఆడితే ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఏ క్షణంలో మాట వదలాలో ఒంటికి పట్టేస్తుంది. సినిమాల్లో ఆమె మాట విరుపులో వినిపించేది ఈ అనుభవమే. ఆ రోజుల్లో సినిమా ఆమెకు కొత్తేమీ కాదు. కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పంచుకున్న ‘నీచా నగర్’ (1946)లో నటించారు, గురుదత్ ‘బాజీ’ (1951)కి నృత్యాలు కూర్చారు. కానీ అన్నం పెట్టిందీ, పని నేర్పిందీ రంగస్థలమే.

రంగస్థలం వాళ్లు కెమెరా ముందు అతి చేస్తారన్న మాట తరచూ వింటాం. నిరాధారమైన మాటేమీ కాదు. ఆఖరి వరుసకు వినిపించాలని పెంచిన గొంతు క్లోజప్‌లో నిజంగానే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ గొంతును తగ్గించుకునే పాఠం జోహ్రాకు బ్రిటిష్ టీవీలో దొరికిందని నా నమ్మకం. 1959లో భర్త పోయారు, మరుసటి ఏడాది పృథ్వీ థియేటర్ మూతపడింది. 1962లో, 50 ఏళ్ల వయసులో, స్కాలర్‌షిప్ మీద ఆమె లండన్ వెళ్లారు. ఇక్కడ పేరున్న నటి అక్కడ ఓల్డ్ విక్ థియేటర్లో తోటి నటీనటులకు దుస్తులు అందించే డ్రెస్సర్‌గా పనిచేశారు. చిన్నాచితకా పాత్రలతో మొదలుపెట్టి, ‘ది జ్యువెల్ ఇన్ ద క్రౌన్’ (1984)లో లేడీ చటర్జీ పాత్ర దాకా రావడానికి 20 ఏళ్లకు పైగా పట్టింది. ఆ సీరియల్ చూస్తే విషయం తెలుస్తుంది. హుందాతనం, బాధ, చనువు మూడూ గొంతు పెంచకుండా కళ్లతోనే పలికించారు. తర్వాత ‘తందూరీ నైట్స్’ అనే హాస్య సీరియల్‌తో ఇంటింటి మనిషయ్యారు.

ఇదంతా బతుకుతెరువు కోసం పడిన పాట్లే కదా, దీన్ని కళాసాధన అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. అవసరమే ఆమెను దేశం దాటించిందన్నది నిజం. అయితే అవసరం మనిషిని గుమ్మం దాకా తోస్తుంది గానీ, లోపలికెళ్లాక పని నేర్చుకోవడం ఆ మనిషి వంతే. అదే అవసరం ఉన్న ఎందరో వృత్తే వదిలేశారు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. మూడు మాధ్యమాల అనుభవం అంత గొప్పదైతే, హిందీ సినిమాల్లో ఆమెకు ఆఖర్లో ఎక్కువగా దక్కినవి ఒకే మూసలో పోసిన అల్లరి బామ్మ వేషాలేమిటి? అవి మూస పాత్రలే, ఒప్పుకోవాలి. కానీ ఆ కొరత పాత్రలు రాసినవాళ్లది. 1990లలో నాటకం ఆమెను ఎలా వాడుకుందో చూడండి. 1993లో లాహోర్‌లో ‘ఏక్ థీ నానీ’ ఆడారు. ఆమె చెల్లెలు ఉజ్రా బట్ కూడా పృథ్వీ థియేటర్ నటే. 1960లలో పాకిస్తాన్‌లో స్థిరపడ్డారు. విడిపోయిన ఆ అక్కాచెల్లెళ్ల జీవితాల ఆధారంగా రాసిన నాటకంలో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. అప్పటికి జోహ్రాకు 80 దాటాయి. నాటకాన్ని భుజాన మోసే ప్రధాన పాత్రల్లో ఒకటి ఆమెది.