కుర్చీ ఇచ్చారు... మరి బీరువా తాళం?

ఒక నెల టమాటా ధర చూసి హడలిపోయి చింతపండుతోనే పప్పు కానిచ్చేస్తాం. ఇంకో నెల అదే టమాటాని గిట్టుబాటు కాక మదనపల్లె వైపు రైతులు రోడ్డుపక్కన పారబోశారని పేపర్లో చదివి ‘అయ్యో’ అనుకుంటాం. వరుగులు చెయ్యడం, గుజ్జు తీసి నిల్వపెట్టడం ఊళ్ళో ఆడవాళ్ళకి రాదా? ఎందుకు రాదూ! కానీ ఆ పనికి ఒక షెడ్డూ, కరెంటూ, నాలుగు యంత్రాలూ కావాలంటే సర్పంచమ్మ చేతిలో ఏముందని? అర్జీ పట్టుకుని పై ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడోవంతు పదవులు స్త్రీలకన్నారు. తర్వాత మన రెండు రాష్ట్రాల్లోనూ అది సగమైంది. సంతోషమే. ఆ సవరణతోనే రాజ్యాంగంలో చేరిన 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. చిన్ననీటి వనరులు, చేపల పెంపకం, కుటీర పరిశ్రమలు, ఆహార పదార్థాల తయారీ, సంతలు... అన్నీ ఊరికి అన్నం పెట్టేవే. అయితే వీటిని పంచాయతీలకి అప్పగించి తీరాలని రాయలేదు. రాష్ట్రాలు అప్పగించ‘వచ్చు’ అన్నారు. చిక్కంతా ఆ ‘వచ్చు’తోనే వచ్చింది!

ఇంటి తాళాలు కోడలి బొడ్డున దోపి, బీరువా తాళం మాత్రం అత్తగారు దాచుకున్నట్టుంది ఈ వ్యవహారం. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం ఇప్పించిన గ్రాంట్లలో కూడా 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చుపెట్టాలని షరతు. ఆ రెండూ అవసరమే, కాదనం. కానీ ఊరు తన కాళ్ళమీద తాను నిలబడే పనికి మిగిలేదెంత?

కేరళ ఏం చేసింది?

1996 ఆగస్టులో కేరళలో ప్రజా ప్రణాళిక మొదలైంది. రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి వదిలారు. మా ఊరికి ఏది ముందు కావాలో గ్రామసభలో కూర్చుని జనమే చెప్పారు. అందులో పదోవంతు స్త్రీల పథకాలకి కేటాయించాలన్నారు. 1998లో కుటుంబశ్రీ వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళ సంఘాలు వార్డుకీ, అక్కణ్ణుంచి పంచాయతీకీ ముడిపడ్డాయి. భూమి కౌలుకి తీసుకుని కలిసి సేద్యం చేశారు, క్యాంటీన్లు నడిపారు. అంతా బంగారమేం కాదు. వ్యవసాయం, పరిశ్రమలు ఆశించినంత పెరగలేదన్న విమర్శా ఉంది. డబ్బుతోబాటు పని తెలిసినవాళ్ళ సలహా కూడా కావాలన్నమాట.

మనకేం తక్కువ?

1992లో సారా దుకాణాలు మూయించిన నెల్లూరు జిల్లా దూబగుంట మనదే. పొదుపు సంఘాల్లో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. అప్పు తెచ్చి, పైసాపైసా లెక్క రాసి తీర్చినవాళ్ళే ఊరూరా కనిపిస్తారు. కానీ సంఘం దారి సంఘానిది, పంచాయతీ దారి పంచాయతీది. ఈ రెండూ కలిస్తే టమాటా గుజ్జు పట్టే షెడ్డు కోసం ఎవరి గుమ్మం ఎక్కాలి?

‘డబ్బిస్తే తినేస్తారు, లేదంటే సర్పంచ్ మొగుడు పెత్తనం చేస్తాడు’ అంటారు కొందరు. నిజమే, అలాంటివీ జరుగుతున్నాయి. అయితే తేల్చేదేమీ లేని గ్రామసభకి ఎవరొస్తారు? ఎవరూ రాని సభలో లెక్కలెవరు అడుగుతారు? నెల ఖర్చు ఎప్పుడూ చేతికివ్వని కోడలికి ‘పొదుపు తెలీదు’ అని పేరు పెట్టడం ఏం న్యాయం?

కేంద్ర పన్నుల్లో వాటా పెంచమని రాష్ట్రాలు ఢిల్లీని అడిగాయి. 2015లో అది 32 నుంచి 42 శాతమైంది. అడగడం న్యాయమే. ఢిల్లీ ముందు చెయ్యి చాచిన రాష్ట్రం, తన ఊరు అడిగితే గుప్పిట మూసుకోకూడదు కదా!

ఈసారి గ్రామసభకి నలుగురూ కలిసి వెళ్ళండి. పంచాయతీకి ఎంతొచ్చింది, అందులో మనిష్టప్రకారం వాడుకోగలిగేదెంత, మన సంఘం పనికి ఎంతిస్తారు... ఈ మూడూ అడగండి. టౌనుల్లో ఉన్నవాళ్ళు వార్డు కౌన్సిలర్ని అడగండి. కుర్చీ అడక్కుండానే వచ్చిందేమో గానీ, తాళం మాత్రం అడిగితేనే వస్తుంది.