ఏటీవీ ఇంజన్ ఆయిల్: చిక్కగా ఉన్నదల్లా మేలు కాదు

భిలాయి: వేసవి మధ్యాహ్నాల్లో 45 డిగ్రీలకు చేరే ఎండ, శీతాకాలపు రాత్రుల్లో పది డిగ్రీల దరిదాపులకు దిగే చలి, వానలు లేని నెలల్లో రేగే ధూళి. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కునగరంలో తిరిగే ప్రతి ఇంజన్ ఈ మూడింటినీ తట్టుకోవలసిందే. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నిర్మాణ కాలంలో కార్మికుల వసతి కోసం ఏర్పడిన శిబిరాలే నేటి క్యాంప్ 1, క్యాంప్ 2 వాడలు. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఈ నగరంలో స్థిరపడి ఉన్నాయి.

క్యాంప్ 1 వంటి శ్రామిక వాడలో వాహనం అంటే ప్రధానంగా మోటార్ సైకిలు, ఆటో, సరుకుల బండి. అన్ని రకాల నేలలపై నడిచే ఏటీవీ ఇక్కడ అరుదు. పొలాలు, విహార కేంద్రాలు, సైనిక స్థావరాలు దాని ప్రధాన చోట్లు. అయితే ఆయిల్ మార్చే వేళ ఎదురయ్యే ప్రశ్న అందరికీ ఒక్కటే. ఎండాకాలం కదా, మరింత చిక్కటి ఆయిల్ పోయిస్తే ఇంజన్‌కు మేలు కాదా? ఏటీవీ ఇంజన్‌పై పడే భారాన్ని గమనిస్తే ఈ ప్రశ్నకు సమాధానం స్పష్టమవుతుంది.

డబ్బాపై అంకెల అర్థం

ద్రవం ప్రవహించేటప్పుడు దాని పొరల మధ్య ఏర్పడే నిరోధమే స్నిగ్ధత. వాడుక భాషలో చిక్కదనం. వేడెక్కిన కొద్దీ ఆయిల్ పలుచబడుతుంది. సాధారణ 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల వద్ద ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు చేరేసరికి దాదాపు ఏడో వంతు మాత్రమే మిగులుతుంది. ఈ మార్పును కొలిచి గ్రేడ్లుగా విభజించిన ప్రమాణాన్ని ఎస్‌ఏఈ జె300 అంటారు. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1911లోనే ఈ వర్గీకరణకు నాంది పలికింది.

డబ్బాపై ఉండే రెండు అంకెలు రెండు వేర్వేరు పరీక్షల ఫలితాలు. ‘డబ్ల్యూ’ అనే అక్షరం చలికాలాన్ని సూచించే ఆంగ్ల పదానికి సంకేతం. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ ఎంత సులభంగా తిరుగుతుందో చెబుతుంది. ఈ పరీక్షను 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల వద్ద, 15డబ్ల్యూకు మైనస్ 20 వద్ద, 10డబ్ల్యూకు మైనస్ 25 వద్ద, 5డబ్ల్యూకు మైనస్ 30 వద్ద జరుపుతారు. రెండో అంకె ఇంజన్ పూర్తిగా వేడెక్కిన తరువాతి స్థితికి సంబంధించినది. 100 డిగ్రీల వద్ద 30 గ్రేడ్ ఆయిల్ స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 గ్రేడ్‌ది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి.

దీన్ని భిలాయికి అన్వయిస్తే ఒక విషయం తేలుతుంది. ఇక్కడి చలి ఎన్నడూ సున్నాకు దిగదు. కాబట్టి ఏ సాధారణ గ్రేడ్‌తోనైనా ఇంజన్ స్టార్ట్ అవుతుంది. మొదటి అంకె తక్కువగా ఉంటే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆయిల్ త్వరగా పైభాగాలకు చేరుతుందన్న ప్రయోజనం ఉన్నా, అది నిర్ణాయకం కాదు. సైన్యం ఏటీవీలను వాడే లద్దాఖ్ ఎత్తుల్లో పరిస్థితి వేరు. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 కంటే కిందికి పోయే చోట 20డబ్ల్యూ ఆయిల్ ముద్దకట్టి ఇంజన్‌ను కదలనివ్వకపోవచ్చు. అక్కడ మొదటి అంకె, ఇక్కడ రెండో అంకె కీలకం.

గాలి వేడి కాదు, ఆయిల్ వేడి

ఆయిల్ ఎంపికలో చాలామంది వాతావరణాన్ని మాత్రమే చూస్తారు. ఇంజన్ లోపలి భాగాలకు తెలిసేది ఆయిల్ ఉష్ణోగ్రతే. రహదారిపై వేగంగా పోయే మోటార్ సైకిల్ ఇంజన్‌ను ఎదురుగాలి చల్లబరుస్తుంది. ఏటీవీ బురదలో, ఇసుకలో, గుట్టల ఎక్కుడు దారిలో బరువు లాగుతూ నెమ్మదిగా కదులుతుంది. ఇంజన్ శ్రమ ఎక్కువ, వీచే గాలి తక్కువ. గాలితో చల్లబడే చిన్న ఇంజన్లలో ఇటువంటి వేళ ఆయిల్ వేడి 100 డిగ్రీలను దాటిపోతుంది. అంటే చల్లని ఊరిలో గుట్ట ఎక్కే ఏటీవీ ఆయిల్, ఎండ ఊరిలో చదును దారిపై పోయే బండి ఆయిల్ కంటే ఎక్కువ వేడెక్కవచ్చు.

ఆయిల్ మరీ పలుచబడితే బేరింగ్, క్రాంక్ షాఫ్ట్‌ల మధ్య ఉండవలసిన సన్నని పొర తెగిపోతుంది. లోహం లోహాన్ని రాసుకుని అరిగిపోతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్ పైకి చేరి కాలిపోవడం కూడా పెరుగుతుంది. అలాగని మరీ చిక్కటి ఆయిల్ పోస్తే నష్టం మరో రూపంలో వస్తుంది. స్టార్ట్ చేసిన వెంటనే అది సన్నని మార్గాల గుండా పోలేదు. ఒత్తిడి ఎక్కువగా చూపినా ప్రవాహం తగ్గుతుంది. వేడిని మోసుకుపోయే పని కూడా ఆయిల్‌దే కాబట్టి ప్రవాహం తగ్గితే బేరింగులు మరింత వేడెక్కుతాయి. ఇంధన ఖర్చు పెరుగుతుంది. అందుకే ఇంజన్‌లోని సందులకు, ఆయిల్ పంపు సామర్థ్యానికి అనుగుణంగా తయారీదారు గ్రేడ్‌ను నిర్ణయిస్తారు.

ఒకే తరహా వాహనాలకు వేర్వేరు గ్రేడ్లు ఉండటానికి కారణం ఇదే. పొలారిస్ సంస్థ తన అనేక ఏటీవీలకు 5డబ్ల్యూ-50 సింథటిక్ ఆయిల్‌ను సూచిస్తుంది. హోండా ఏటీవీల్లో పలు మోడళ్లకు 10డబ్ల్యూ-30 సరిపోతుంది. ఒకదాని ఆయిల్ మరొకదానికి మేలు చేస్తుందని భావించడం పొరపాటు.

విద్యార్థుల వాహనాలు నేర్పే పాఠం

ఇంజనీరింగ్ విద్యార్థులు స్వయంగా ఏటీవీని రూపొందించి నడిపే బాహా పోటీలు 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలయ్యాయి. భారత్‌లో ఇవి 2007 నుంచి జరుగుతున్నాయి. భిలాయి పొరుగు రాష్ట్రమైన మధ్యప్రదేశ్‌లోని పీథంపుర్ వాటికి వేదికగా నిలిచింది. ఈ వాహనాల్లో చాలా ఏళ్లపాటు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థకు చెందిన పది హార్స్‌పవర్ ఇంజన్‌ను వాడారు.

గాలితో చల్లబడే తన చిన్న ఇంజన్లకు ఆ సంస్థ ఇచ్చే సూచన ఆసక్తికరమైనది. 10డబ్ల్యూ-30 ఆయిల్‌ను 27 డిగ్రీలకు మించిన వాతావరణంలో వాడితే ఆయిల్ ఖర్చు పెరగవచ్చని, అందువల్ల తరచూ మట్టం చూసుకోవాలని అది హెచ్చరిస్తుంది. వెచ్చని వాతావరణానికి ఒకే గ్రేడ్ కలిగిన ఎస్‌ఏఈ 30 ఆయిల్‌ను సూచిస్తుంది. వేడెక్కిన స్థితిలో రెండూ 30 గ్రేడ్‌కే చెందినవి. రెండు అంకెల ఆయిల్ ఎప్పుడూ మెరుగైనదన్న నమ్మకానికి ఇది మినహాయింపు.

స్నిగ్ధత సరిపోయినా చాలదు

మోటార్ సైకిళ్లలో, గేర్లున్న పలు ఏటీవీల్లో ఇంజన్, గేర్‌బాక్సు, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. గేర్ పళ్ల మధ్య నలిగినప్పుడు ఆయిల్‌లోని స్నిగ్ధతను నిలిపే పాలిమర్లు తెగిపోతాయి. ఫలితంగా 40 గ్రేడ్‌గా పోసిన ఆయిల్ కొంతకాలానికి 30 గ్రేడ్ స్థాయికి దిగజారవచ్చు. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో ఘర్షణను తగ్గించే రసాయనాలు ఉంటాయి. అవి క్లచ్ పలకలను జారిపోయేలా చేయగలవు. ఇటువంటి వాహనాలకు డబ్బాపై జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండాలి. ఎంబీ గుర్తున్నది క్లచ్ ఆయిల్‌లో మునగని స్కూటర్ల వంటి వాహనాల కోసం ఉద్దేశించినది. బెల్టుతో నడిచే ఏటీవీల్లో గేర్‌బాక్సు ఆయిల్ వేరుగా ఉంటుంది కనుక దాని గ్రేడ్‌ను విడిగా చూసుకోవాలి.

ఎంపిక క్రమం ఇలా ఉండాలి. మొదట వాహనంతో వచ్చిన పుస్తకంలోని ఉష్ణోగ్రత పట్టికను చూడాలి. అందులో ఒకటి కంటే ఎక్కువ గ్రేడ్లు ఉంటే స్థానిక వాతావరణాన్ని, మోసే భారాన్ని బట్టి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎండలో బరువు పనులకు పట్టిక అనుమతించిన వాటిలో రెండో అంకె ఎక్కువున్నది తగినది. పట్టిక దాటి పోకూడదు. తరువాత ఏపీఐ, జాసో గుర్తులను సరిచూడాలి. వారంటీ ఉన్న వాహనానికి ఇది మరింత అవసరం.

ధూళిలో, నీటిలో తిరిగే వాహనానికి నిర్ణీత గడువు కంటే ముందే ఆయిల్ మార్చడం మంచిది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరినట్లే. పెట్రోలు వాసన వస్తే ఇంధనం కలిసి పలుచబడినట్లు అనుమానించాలి. ఈ రెండు స్థితుల్లోనూ డబ్బాపై ఉన్న గ్రేడ్ ఇక వర్తించదు. కారణం సరిచేసి కొత్త ఆయిల్ పోయించవలసిందే.

క్యాంప్ 1లో ఆటో నడిపే వ్యక్తికైనా, పొలంలో ఏటీవీ నడిపే రైతుకైనా బండి ఆగితే ఆ రోజు ఆదాయం ఆగినట్లే. అరిగిపోయిన ఇంజన్‌ను తిరిగి బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే సరైన ఆయిల్ ధర స్వల్పం. ఆ సరైన ఆయిల్ దుకాణంలో దొరికే వాటిలో అన్నిటికంటే చిక్కనిదో, ఖరీదైనదో కానక్కరలేదు. ఆ ఇంజన్ కోసం పట్టికలో పేర్కొన్నది అయితే చాలు.