ఓడలో వచ్చిన ముఖాలు – ఛాయాచిత్రకారుడు డేవిడ్ మూర్

ఆస్ట్రేలియా వలసల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధి పొందిన ఛాయాచిత్రం ఒకటి ఉంది. ఓడ కమ్మీల దగ్గర కిక్కిరిసి నిలబడి కొందరు రేవువైపు చూస్తుంటారు. ఒకరి ముఖంలో ఆశ, మరొకరి ముఖంలో బెంగ. 1966లో సిడ్నీ రేవులో దానిని తీసినవారు డేవిడ్ మూర్. ఓడలలో వచ్చినవారి సంతతి అయిన మనం ఆయన గురించి తెలుసుకోవడం మంచిది.

మూర్ 1927లో సిడ్నీలో జన్మించారు. తండ్రి భవనశిల్పి, చిత్రకారుడు కూడా. మూర్ 1940ల చివర మాక్స్ డుపేన్ అనే పేరుమోసిన ఛాయాచిత్రకారుని స్టూడియోలో పనిచేశారు. 1949లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్ పేటలో ఒక బీద కుటుంబాన్ని వారి ఇంటిలోనే చిత్రించారు. 1955లో ఎడ్వర్డ్ స్టైకెన్ న్యూయార్కులో ఏర్పాటుచేసిన ‘మానవ కుటుంబం’ ప్రదర్శనలో ఆ చిత్రానికి చోటు దక్కింది. 1951లో లండన్ వెళ్ళి, అక్కడి అబ్జర్వర్‌కు, అమెరికాలోని టైమ్-లైఫ్ వారికి చిత్రాలు తీశారు. 1958లో స్వదేశానికి తిరిగివచ్చారు.

దినపత్రిక ఛాయాచిత్రకారునికి ఆనాటి సంఘటన చాలు. మాసపత్రిక అలా కాదు, ఒక విషయం అప్పగిస్తుంది. అతడు రోజుల తరబడి తిరిగి వందలాది చిత్రాలు తీస్తే, సంపాదకులు కొన్నింటినే ఏరి, కింద వ్యాఖ్య రాసి అచ్చువేస్తారు. ఆ వ్యాఖ్యను బట్టే చదువరి చిత్రాన్ని అర్థం చేసుకుంటాడు.

రేవులోని చిత్రం నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పనిమీద తీసినది. అప్పటికి శ్వేత ఆస్ట్రేలియా విధానం సడలుతున్నదే గాని తొలగలేదు. 1973లో గాని అది పోలేదు. చిత్రంలోని వారందరూ కొత్తగా వచ్చినవారే అని లోకం అనుకుంది. ఏళ్ళు గడిచాక, వారిలో కొందరు వలసవారు కారనీ, ప్రయాణం ముగించుకుని ఇంటికి వస్తున్న సిడ్నీ వాసులనీ తేలింది. చిత్రం అబద్ధమాడలేదు. ముఖాలకు పేర్లు లేకపోయేసరికి చూసినవారే కథ అల్లుకున్నారు.

మన సంగతి దీనికి తలకిందులు. 1903 నుండి 1916 వరకు మద్రాసులో ఫిజీ ఓడలెక్కిన మన పెద్దల గిర్మిట్ పాసులలో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. ముఖం మాత్రం లేదు. తరువాతి కాలంలో స్టూడియోకు వెళ్ళి తీయించుకున్న ఫోటోలలో ముఖాలున్నాయి గాని వెనుక పేర్లు లేవు. 1987 తరువాత ఫిజీ విడిచి ఆస్ట్రేలియా చేరిన కుటుంబాల పెట్టెలలో ఇటువంటి ఫోటోలు ఎన్నో ఉన్నాయి.

మూర్ 2003లో కన్నుమూశారు. ఆయన చిత్రాలను పెద్ద గ్రంథాలయాలు, చిత్రశాలలు భద్రపరుస్తున్నాయి. మన ఇళ్ళలోని ఫోటోలకు మనమే కాపలా. పెద్దలు ఉండగానే వారిని కూర్చోబెట్టి అడగండి. ఒక్కొక్క ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం రాయండి. తెలియనిచోట ఊహించి రాయకండి, ఖాళీగా వదలండి. ఖాళీని రేపు ఎవరైనా నింపగలరు. తప్పుగా రాసిన పేరును దిద్దేవారు దొరకడం కష్టం.