పేరు మరిచిపోయినా... చెలిమి గుర్తుంది!

బొమ్మల సినిమా అంటే పిల్లల కోసమే అనుకుంటాం మనం. వాళ్ళని టీవీ ముందు కూర్చోబెట్టి, ఆ గంటన్నరలో వంటపని పూర్తి చేసుకోవచ్చని సంబరపడతాం. కానీ ఈమధ్య మా అమ్మాయి నాకొక బొమ్మల సినిమా చూపించింది. అందులో కథానాయకుడు తెల్లజుట్టు ముసలాయన. అతని స్నేహితుడూ ముసలాయనే. సినిమా పేరు కూడా ముడతలే! స్పానిష్ భాషలో 'అర్రుగాస్' అంటే అదే అర్థమట. 2011లో వచ్చింది. పాకో రోకా అనే చిత్రకారుడు 2007లో గీసిన బొమ్మల కథను ఇగ్నాసియో ఫెరెరాస్ సినిమాగా తీశాడు. 2012లో స్పెయిన్‌లో ఇచ్చే గోయా అవార్డుల్లో రెండు దీనికే దక్కాయి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ముసలాయనకి గొంతు ఇచ్చింది హాలీవుడ్ నటుడు మార్టిన్ షీన్.

కథ ఇదీ. ఎమిలియో బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు అన్నం తినమంటుంటే, అతణ్ణి అప్పు కోసం వచ్చిన ఖాతాదారు అనుకుని మాట్లాడతాడు. విసిగిపోయిన కొడుకు తీసుకెళ్ళి వృద్ధాశ్రమంలో చేరుస్తాడు. అక్కడ ఎమిలియో గదిలో ఉండేవాడు మిగేల్. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. మతి సరిగా లేనివాళ్ళ దగ్గర ఏదో వంకతో డబ్బులు గుంజుతుంటాడు. చూడగానే "వీడెక్కడి మనిషిరా బాబూ" అనిపిస్తుంది. ఆ ఆశ్రమంలో అందరికీ భయం పై అంతస్తంటే. తమ పని తాము చేసుకోలేనివాళ్ళని అక్కడికి మారుస్తారు. ఎమిలియోని పైకి పంపకుండా ఆపాలని మిగేల్ పడే పాట్లు చూస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

అదే ఆశ్రమంలో ఒక జంట ఉంది. భర్తకి ఏమీ గుర్తులేదు. భార్యకి ఏ జబ్బూ లేదు, కేవలం అతని కోసం అక్కడే ఉండిపోయింది. ఆవిడ చెవిలో ఒక్క మాట చెబితే చాలు, ఆ రాయిలాంటి మొహం మీద నవ్వు పూస్తుంది. చిన్నప్పుడు ఆవిడ మురిపెంగా పిలిచిన మాట అది. 'మోసగాడా' అని!

ఆ దృశ్యం దగ్గర నేను సినిమా ఆపేశాను. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో కూడా ఉంది. మా ఇంట్లో 'దొంగ' అంటారు, అంతే తేడా.

మేముండేది గాంధీనగర్‌లో. మా అత్తయ్యకి 78 ఏళ్ళు. కాపురానికి గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు మొదట పలకరించింది ఎదురింటి పిన్నిగారట. ఆవిడది మరాఠీ కుటుంబం. తెలుగు ఇరుగుపొరుగుల దగ్గర నేర్చుకున్నదే. చిక్కడపల్లి మార్కెట్‌కి కూరలకైనా, త్యాగరాయ గానసభలో కచేరీకైనా ఇద్దరూ జంటగానే వెళ్ళేవారు. ఒకరినొకరు "వదినా" అని పిలుచుకోవడమే తప్ప పేర్లు పెట్టి ఎప్పుడూ పిలుచుకోలేదు. ఒక వేసవిలో మేడమీద ఎండబెట్టిన మాగాయ ముక్కలు రోజురోజుకీ తగ్గిపోతుంటే, అత్తయ్య కాపుకాసి పిన్నిగారిని పట్టుకున్నారట. అప్పట్నుంచీ ఆవిడకి 'మాగాయ దొంగ' అన్న బిరుదు ఖాయమైపోయింది.

మూడేళ్ళ కిందట అత్తయ్యకి అల్జీమర్స్ అని తేలింది. మొదట్లో అందరిలాగే మేమూ వయసు మీద పడింది కదా అనుకున్నాం. అడిగిందే అడగడం, తాళాలు ఫ్రిజ్‌లో పెట్టడం, నలభై ఏళ్ళుగా చేస్తున్న పులిహోరలో ఏం వేయాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోవడం... డాక్టరు ముందుగా బి12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. అవి తక్కువైనా, బెంగతో దిగులుపడినా ఇలాంటి మతిమరుపే వస్తుందట, మందులతో చాలావరకు బాగుపడుతుందట. మా అత్తయ్య విషయంలో అవన్నీ బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం 'ముసలితనమేలే' అని వదిలేయకుండా ఆ రెండు పరీక్షలూ చేయించండి.

ఇప్పుడు అత్తయ్యకి పిన్నిగారి పేరే కాదు, మనిషి కూడా గుర్తు రావడం లేదు. అయినా సాయంత్రం నాలుగింటికి కాఫీ గ్లాసు చేతికివ్వగానే ఇంకో గ్లాసు కోసం చూస్తారు. ఇవ్వకపోతే ఊరుకోరు. సగం అందులో పోసి పక్కన పెడతారు. పిన్నిగారు మోకాళ్ళ నొప్పులతో మెల్లగా గుమ్మంలోకి వచ్చి అంటారు: "దొంగ వచ్చింది వదినా!"

"నువ్వెవరమ్మా?"

"మాగాయ దొంగను. మర్చిపోయావా?"

అత్తయ్య ఒక్క క్షణం చూసి కిలకిలా నవ్వేస్తారు. ఎందుకు నవ్వారో ఆవిడకీ తెలియదు. ఆవిడ వెళ్ళిన పది నిమిషాలకే "ఇవాళ ఎవరూ రాలేదేం?" అంటారు. కానీ ఆ సాయంత్రమంతా మొహం తేటగా ఉంటుంది, రెండు ముద్దలు ఎక్కువ తింటారు. ఆవిడ రాని రోజున చీకటి పడే వేళకి చిరాకు మొదలవుతుంది.

ఇది నా భ్రమేమో అనుకునేదాన్ని. కాదట. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు 17 మంది అల్జీమర్స్ రోగులకి నవ్వించే సినిమా ముక్కలు, ఏడిపించేవి చూపించారు. కాసేపటికి చూసినదాంట్లో చాలామందికి పెద్దగా ఏమీ గుర్తులేదు. కానీ ఆ సంతోషం, ఆ దిగులు మాత్రం వాళ్ళలో అలాగే ఉండిపోయాయి. కొత్త సంగతుల్ని దాచిపెట్టే మెదడు భాగాన్ని ఈ జబ్బు ముందుగానే దెబ్బతీస్తుంది. మనసుకి తగిలిన తడి ఆరడానికి ఇంకాస్త టైము పడుతుందన్న మాట. "ఎలాగూ గుర్తుండదు కదా, రావడం ఎందుకు?" అని మానేసే చుట్టాలకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

మన ఊళ్ళోనే ఇంకో సంగతి తేలింది. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. బడి మొహం చూడనివాళ్ళలో కూడా! తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిపి మాట్లాడుకునే మన హైదరాబాద్ గల్లీల్లో కాబట్టే ఇది తేలిగ్గా తేలింది. ఈ లెక్క మా అత్తయ్యకి ఎంతవరకు వర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ పిన్నిగారి దగ్గర నేర్చుకున్న మరాఠీ ముక్కలు ఆవిడ నోట ఇప్పటికీ వస్తుంటాయి. ఆ మధ్య నాతో మరాఠీలో మాట్లాడితే తెల్లమొహం వేశాను!

ఈ జబ్బు వచ్చిన ఇంట్లో మొదట తెగిపోయేది స్నేహాలే. నలుగురిలో ఏదైనా అనేస్తారేమోనని మనమే బయటికి తీసుకెళ్ళం. వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేస్తాం. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువట. ఇన్ని లక్షల ఇళ్ళలో ఉన్నదాన్ని దాచుకోవడం ఎందుకో!

కిందటేడు అత్తయ్య ఒంటరిగా గేటు దాటి వెళ్ళిపోయారు. ఎప్పుడూ వెళ్ళే దారే. కానీ 2020లో చిక్కడపల్లి మీదుగా మెట్రో వచ్చింది, 2023లో ఇందిరాపార్కు దగ్గర్నుంచి స్టీల్ బ్రిడ్జి వచ్చింది. మనకి అవి సౌకర్యం. ఆవిడకి మాత్రం తెలిసిన ఊరు నెత్తిమీద కప్పు వేసుకుని కొత్త ఊరైపోయింది. మా వీధి చివరి కిరాణా కొట్టతను గుర్తుపట్టి ఇంటికి తీసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి మా ఫోన్ నెంబరు చెక్కించిన చిన్న బిళ్ళ ఆవిడ గొలుసుకి వేశాం. తలుపు గడియ పైకి మార్చాం. వీధిలో అందరికీ విషయం చెప్పేశాం. ఏ దారీ తోచనప్పుడు పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఎల్డర్ లైన్ 14567 కూడా ఉందని గుర్తుంచుకోండి.

ఆ సంఘటన తర్వాత మా మరిది "వదినా, నువ్వొక్కదానివే ఎంతకని చూస్తావు? అమ్మని మియాపూర్ పంపించు" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అక్కడ లిఫ్టుంది, వాచ్‌మన్ ఉన్నాడు, ఇద్దరు పనివాళ్ళున్నారు. నెల రోజులు తీసుకెళ్ళాడు, ఎంతో బాగా చూసుకున్నాడు. కానీ నాలుగయ్యేసరికి రెండు గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర కూర్చునేవారట అత్తయ్య. ఇక్కడికి తిరిగొచ్చాక కూడా మొదటి రెండు రోజులు "ఇది మనిల్లు కాదు" అని గొడవ చేశారు. మూడోరోజు 'దొంగ' వచ్చాక నెమ్మదించారు.

సినిమాలో ఎమిలియో చివరికి పై అంతస్తుకి వెళ్ళక తప్పదు. అప్పుడు ఆ డబ్బు పిచ్చి మిగేల్ తనంతట తానే పైకి వెళ్ళి, పక్కన కూర్చుని అన్నం తినిపిస్తాడు. కాళ్ళు బాగానే ఉన్నా అక్కడికి వెళ్ళాడు. పిన్నిగారికి ఈ కథ చెబితే, "నాకు కాళ్ళు కూడా బాగాలేవు కదమ్మా" అని నవ్వారు.

ఇప్పుడు మాకున్న బెంగ వేరే. మా పేటలో పాత ఇళ్ళన్నీ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. పిన్నిగారి కొడుకు కూడా ఇల్లు బిల్డరుకి ఇచ్చాడు. సంక్రాంతికల్లా ఖాళీ చేయాలి, కొత్తది లేవడానికి రెండేళ్ళు పడుతుందట. కొడుకు తనతో ఉప్పల్ రమ్మంటున్నాడు. పిన్నిగారు మాత్రం మెట్లెక్కకుండా ఉండే ఒక్క గదైనా చాలు, ఈ వీధిలోనే చూడమని నాకు అప్పగించారు. రోజూ పొద్దున్న పాలకి వెళ్ళినప్పుడు టు-లెట్ బోర్డులు చూసి వస్తున్నాను. రెండు దొరికాయి, రెండూ మూడో అంతస్తులోనే. నిన్న రెండు వీధుల అవతల, గ్రౌండ్ ఫ్లోరులో ఒకటి ఉందని పాలబ్బాయి చెప్పాడు. ఆవిడ మోకాళ్ళతో అక్కణ్ణించి మా ఇంటికి ఎంతసేపు పడుతుందో ఆదివారం ఇద్దరం నడిచి చూడాలి.