కొట్టుకునే పొట్టేళ్లను కలపడం ఎలా?

మందలో ఒక్క పొట్టేలు ఉంటే గొడవ లేదు. రెండోది వస్తే గొడవ మొదలు.

రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. వెనక్కి వెనక్కి నడుస్తాయి. ఒక్కసారి ఉరికి వచ్చి తలలు డీకొడతాయి. మళ్లీ వెనక్కి పోతాయి. మళ్లీ ఉరుకుతాయి. ఒక్కోసారి కొమ్ము విరుగుతుంది. కన్ను పోతుంది. మెడ విరిగి పొట్టేలు అక్కడికక్కడే చచ్చిపోతుంది కూడా.

పొట్టేలు చస్తే నష్టం ఎవరికి? అప్పు తెచ్చి కొన్న ఇంటికి. పొట్టేలు చచ్చిందని సంఘంలో తీసుకున్న అప్పు ఆగదు. నెలనెలా కిస్తీ కట్టాల్సిందే. అందుకే పొట్టేళ్లను విడదీయడం, మళ్లీ కలపడం తెలిసి ఉండాలి. విడదీయడం నిమిషం పని. కలపడానికి మాత్రం ఓపిక కావాలి.

రెండు పొట్టేళ్లు ఒక్కచోటికి ఎందుకు వస్తాయి?

తెలంగాణలో 2017లో ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చింది. ఇరుగు పొరుగు ఇండ్ల వాళ్లు రెండు మందలు కలిపి మేపుకుంటే పని తగ్గుతుంది. ఒకరు మందతో పోతే ఇంకొకరు కూలికి పోవచ్చు. కానీ మందలు కలిసిన రోజే పొట్టేళ్లు కూడా ఎదురుపడతాయి.

ఇంకో కారణం ఉంది. ఒకే పొట్టేలును చాలా ఏండ్లు మందలో ఉంచకూడదు. ఉంచితే తనకు పుట్టిన గొర్రెలతోనే అది కలుస్తుంది. పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి. అందుకే రెండేండ్లకు ఒకసారి పొట్టేలును మారుస్తారు. కొత్తది వస్తుంది. పాతది ఇంకా అమ్ముడుపోదు. రెండూ ఒకే దొడ్డిలో ఉంటాయి.

పండుగకు అమ్ముదామని నాలుగైదు పొట్టేలు పిల్లలను పెంచేవాళ్లూ ఉన్నారు. అవి పెద్దవయ్యే కొద్దీ కొట్లాట పెరుగుతుంది.

ఎందుకు కొట్టుకుంటాయి?

పొట్టేళ్లకు ఒకదాని మీద ఒకదానికి పగ ఏమీ ఉండదు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తేల్చుకోవడానికి అవి కొట్టుకుంటాయి. ఆ లెక్క తేలితే చిన్నది తప్పుకుంటుంది. పెద్దది ఊరుకుంటుంది. రెండూ పక్కపక్కనే మేస్తాయి.

కొన్నాళ్లు వేరుగా ఉంచితే ఆ లెక్క చెడిపోతుంది. మళ్లీ ఎదురుపడితే మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటాయి. నిన్నటిదాకా కలిసి ఉన్నవి ఈ రోజు ఎందుకు కొట్టుకుంటున్నాయని చాలామంది ఆశ్చర్యపోతారు. కారణం ఇదే.

గొర్రెలు వాసనతో, ముఖంతో ఒకదాన్ని ఒకటి గుర్తుపడతాయి. దక్కని గొర్రెలకు ఉన్ని కత్తిరించినప్పుడు రూపం మారుతుంది. అప్పుడు కూడా పాత జోడీలు కొట్టుకోవచ్చు. దగ్గరలో ఎదకు వచ్చిన గొర్రె ఉంటే కొట్లాట ఇంకా ముదురుతుంది.

విడదీసేటప్పుడు జాగ్రత్త

కొట్టుకునే పొట్టేళ్ల మధ్యకు మనిషి పోకూడదు. పిల్లలను అసలు పోనివ్వకూడదు. ఉరికి వచ్చే పొట్టేలు తగిలితే మనిషి కాలు విరుగుతుంది. పెద్ద తలుపు చెక్కనో, గట్టి తడకనో ఇద్దరు పట్టుకొని పక్క నుంచి వాటి మధ్యకు నెట్టాలి. ఒకదాన్ని వేరే దొడ్డిలోకి తోలాలి. ఆ పని చేసేటప్పుడు పొట్టేలు ఎదుట వంగకూడదు. దానికి వీపు చూపించకూడదు.

విడదీసిన తర్వాత దెబ్బలు చూడాలి. కొమ్ము మొదట్లో రక్తం కారుతోందా? కన్ను మూసుకుపోయిందా? తూలుతూ నడుస్తోందా? మెడ వంకరగా పెడుతోందా? ఇందులో ఏది కనిపించినా పశువైద్యుడికి చూపించాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఫోనుకు డబ్బులు పడవు.

పొట్టేలును ఒంటరిగా కట్టేయకూడదు. గొర్రె జాతి గుంపులో బతికే జాతి. ఒంటరిగా ఉంటే దిగులుపడుతుంది, మేత తగ్గిస్తుంది. విత్తులు కొట్టించిన పొట్టేలును తోడు పెడితే మంచిది. అలాంటిది పెద్దగా కొట్లాటకు దిగదు.

మూడు వారాలు పక్కపక్కన

కొత్తగా కొన్న పొట్టేలును మొదటి రోజే మందలో తోలకూడదు. మూడు వారాలు వేరుగా ఉంచాలి. పారుడు రోగం, బొబ్బ రోగం వంటివి దానికి ఉంటే ఈ లోపే బయటపడతాయి. మందకు అంటకుండా ఉంటాయి. ఈ రోజులలో దాని దొడ్డి మందకు దూరంగా ఉండాలి. నీళ్ల తొట్టి కూడా వేరుగా ఉండాలి.

మూడు వారాలు ఆరోగ్యంగా ఉంటే దాన్ని పాత పొట్టేలు పక్క దొడ్డిలోకి తేవాలి. మధ్యలో గట్టి కంచె ఉండాలి. సందుల నుంచి ఒకటి ఇంకొకదానికి కనిపించాలి. వాసన తగలాలి. పలుచని తడక పెడితే తలతో గుద్ది విరగ్గొడతాయి.

దెబ్బలాడి విడదీసిన పాత జోడీకి కూడా ఇదే పద్ధతి. దెబ్బలు మానేదాకా కంచెకు రెండు వైపులా ఉంచాలి. ఒకదాని కింద పరచిన గడ్డి కొంత తీసి రెండోదాని కింద వేయాలి. అలా ఒకదాని వాసన రెండోదానికి అలవాటవుతుంది. కంచెను గుద్దడం మాని, పక్కపక్కనే పడుకొని నెమరు వేస్తుంటే కలిపే సమయం వచ్చినట్టు.

కలిపే రోజు

"వదినా, వదిలెయ్. రెండు రోజులు కొట్టుకొని అవే సర్దుకుంటాయి" అని కొందరు అంటారు. కొన్ని సర్దుకుంటాయి. కొన్ని చస్తాయి. ఏది సర్దుకుంటుందో, ఏది చస్తుందో ముందే చెప్పలేము.

పొట్టేలు బలమంతా దాని ఉరుకులో ఉంది. వెనక్కి పోయేందుకు చోటు ఉంటేనే గట్టిగా గుద్దగలదు. చోటు లేకపోతే నెట్టుకోగలదు, అంతే. అందుకే పొట్టేళ్లను ఇరుకు దొడ్డిలో కలపాలి. విశాలమైన బీడులో మొదటిసారి కలపకూడదు.

1. పొద్దున్నే కలపాలి. పగలంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉండి చూడాలి. రాత్రి పూట కలపకూడదు.

2. రెండూ నిలబడడానికి, పడుకోవడానికి చాలినంత చోటే ఉండాలి. వెనక్కి నడిచి ఉరికే చోటు ఉండకూడదు. పైన నీడ ఉండాలి. మండే ఎండల్లో ఈ పని పెట్టుకోకూడదు.

3. మేత రెండు చోట్ల వేయాలి. నీళ్లు రెండు తొట్లలో పెట్టాలి. లేకపోతే పెద్దది చిన్నదాన్ని తిననివ్వదు.

4. ఆడ గొర్రెలను దూరంగా ఉంచాలి. వాటి వాసన కూడా తగలకూడదు.

5. మూడు నాలుగు పొట్టేళ్లు ఉంటే అన్నింటినీ ఒకేసారి కలపాలి. ఒక్కొక్కటి చేరుస్తూ పోతే చేర్చిన ప్రతిసారీ కొత్త కొట్లాట.

6. బాగా పెద్దదానితో చిన్నదాన్ని కలపకూడదు. కొమ్ములు ఉన్నదానితో కొమ్ములు లేనిదాన్ని ఇరుకు దొడ్డిలో పెట్టకూడదు.

ఇలా రెండు మూడు రోజులు ఉంచాలి. తర్వాత కొంచెం పెద్ద దొడ్డిలోకి మార్చాలి. అందులో పాత టైర్లు, మొద్దులు అక్కడక్కడ పడేయాలి. అవి అడ్డం ఉంటే ఉరకడం కుదరదు. అక్కడ కూడా ఊరుకుంటే అప్పుడు మందలోకి తోలాలి.

కలిశాయా, లేదా?

మొదటి రోజు భుజాలతో నెట్టుకుంటాయి. వాసన చూసుకుంటాయి. ఒకటి ఇంకొకదాని మీద ఎక్కుతుంది. ఇది మామూలే, భయపడనక్కరలేదు. ఒకటి తల దించి పక్కకు తప్పుకుంటే లెక్క తేలినట్టు. రెండూ మేత తింటే, పడుకుంటే కలిసినట్టు.

రక్తం కారితే కలవనట్టు. ఒకటి మూలకు నక్కి మేత, నీళ్లు ముట్టకపోతే కలవనట్టు. అది కింద పడినా రెండోది పొడుస్తూనే ఉంటే వెంటనే విడదీయాలి.

విడదీశాక కొన్ని వారాలు ఆగి, మళ్లీ కంచె దగ్గర నుంచి మొదలుపెట్టవచ్చు. రెండోసారీ కుదరకపోతే ఇక పట్టుబట్టకూడదు. 20, 30 గొర్రెలకు ఒక్క పొట్టేలు చాలు. రెండోదాన్ని అమ్మవచ్చు. లేదా వేరే ఊరి మందతో మార్చుకోవచ్చు. మాంసానికి పెంచే వాటికి చిన్నప్పుడే పశువుల ఆసుపత్రిలో విత్తులు కొట్టించవచ్చు.

పొట్టేలు పిల్ల నుదురు మీద చేత్తో నెట్టి ఆడించడం పిల్లలకు సరదా. ఆ ఆట ఆడనివ్వకూడదు. అదే దానికి పొడవడం నేర్పుతుంది. పెద్దయ్యాక అది మనుషులనే పొడుస్తుంది. వినోదానికి పొట్టేళ్లకు పందెం పెట్టడం అయితే నేరం. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం దాన్ని నిషేధించింది.

నోటుబుక్కులో రాసుకోండి

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పొట్టేలు కొన్న తేదీ రాయండి. విడదీసిన తేదీ, కలిపిన తేదీ రాయండి. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఏ మందు వేశారో రాయండి. రెండేండ్ల తర్వాత పొట్టేలును మార్చే సమయం వచ్చిందని ఆ పుస్తకమే చెబుతుంది. డాక్టరు అడిగితే తడుముకోకుండా చూసి చెప్పవచ్చు. పాలు పంచుకున్న పొరుగామెతో లెక్కల్లో తేడా రాదు.

ఆలోచించండి, రాయండి

1. పొట్టేళ్లను ఇరుకు దొడ్డిలో ఎందుకు కలపాలి?

2. కొత్త పొట్టేలును మూడు వారాలు వేరుగా ఉంచితే ఏమి లాభం?

3. మీ మందలో ఎన్ని పొట్టేళ్లు ఉన్నాయి? ఏది పెద్ద, ఏది చిన్న? మీకు ఎలా తెలిసింది?